సూరత్ మగ్గం మీద తిరిగే అట్టలు
తెలంగాణలో చేనేత క్షీణించినపుడు పద్మశాలీలు వలస వెళ్లి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన సూరత్ నగరంలో, పువ్వుల నేతకు ఆధారమైనది జకార్డ్ యంత్రం. 1804 నాటి ఈ ఫ్రెంచి సాధనంలో గొలుసుగా కుట్టిన చిల్లుల అట్టల్లో ఒక్కొక్కటి, ఒక్కో పేకకు ఏ పడుగు పోగులు లేవాలో నిర్ణయిస్తుంది; చివరి అట్ట దాటగానే మొదటిది తిరిగి వస్తుంది కనుక అదే పువ్వు మళ్లీ పుడుతుంది.

ఆవృత్తితో కొత్తదాన్ని వెలువరించే ఈ పద్ధతికి గణితంలో దగ్గరి చుట్టమైన ఒక విన్యాసం, పొరుగు గళ్లను బట్టి ప్రతి గడీ బతికే లేదా చచ్చే, గణితవేత్త కాన్వే రూపొందించిన ‘గేమ్ ఆఫ్ లైఫ్’లో 1970లో దొరికింది. బిల్ గాస్పర్ బృందం కనుగొన్న ఆ విన్యాసం 30 తరాలకోసారి పూర్వరూపానికి వస్తూ, ప్రతిసారీ ‘గ్లైడర్’ అనే ఐదు గళ్ల కదిలే ఆకృతిని వదిలి, ఏ విన్యాసమూ అంతులేకుండా పెరగదన్న కాన్వే ఊహను తప్పని తేల్చి, ఆయన ప్రకటించిన 50 డాలర్ల బహుమతిని గెలుచుకుంది. దానికి నూలు అక్కర్లేదు. సూరత్ మగ్గానికి మాత్రం తెగిన పోగును ముడివేసే కార్మికుడు కావాలి.