సి ప్రోగ్రాముల్లో మెమరీ కేటాయింపు: మ్యాలక్ స్థానంలో సొంత ఫంక్షన్

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి మీదుగా ఎల్బీనగర్ దాకా ఉన్న కోచింగ్ సెంటర్లలో సి నేర్చుకునే విద్యార్థులైనా, జేఎన్‌టీయూహెచ్ ఆర్18 పాఠ్యప్రణాళికలో మొదటి ఏడాది బీటెక్ చదివిన వారైనా, డైనమిక్ మెమరీ కేటాయింపును, అంటే ప్రోగ్రాం నడుస్తుండగానే కావలసినంత మెమరీని అడిగి తీసుకునే పద్ధతిని, మ్యాలక్, ఫ్రీ వంటి ఫంక్షన్ల ద్వారానే తెలుసుకుంటారు. ఇవి భాషలోని కీలకపదాలు కావు, లైబ్రరీలోని మామూలు ఫంక్షన్లు. కాబట్టే వీటి స్థానంలో వేరే ఫంక్షన్లను నిలపడం సాధ్యమవుతుంది.

లైనక్స్‌లో ఇందుకు తేలికైన మార్గం ఎల్‌డీ_ప్రీలోడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. సొంత మ్యాలక్ ఉన్న షేర్డ్ లైబ్రరీ పేరును అందులో ఇస్తే, ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు పేర్లను చిరునామాలతో కలిపే డైనమిక్ లింకర్ ఆ లైబ్రరీనే ముందుగా వెతుకుతుంది కనుక, ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేయనక్కరలేకుండానే ప్రతి పిలుపూ కొత్త ఫంక్షన్‌కు చేరుతుంది. సొంత ఫంక్షన్ నుంచి అసలు మ్యాలక్‌ను పిలవాలంటే, దాని చిరునామాను డీఎల్‌సిమ్ ఫంక్షన్‌తో, ఆర్‌టీఎల్‌డీ_నెక్స్ట్ అనే గుర్తు ఇచ్చి రాబట్టాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. డీఎల్‌సిమ్ తన పనికోసం, సున్నాలతో నింపిన మెమరీని ఇచ్చే క్యాలక్‌ను పిలవవచ్చు. సొంత క్యాలక్ అసలు క్యాలక్ కోసం మళ్లీ డీఎల్‌సిమ్‌నే ఆశ్రయిస్తే, ఆ పిలుపులకు అంతుండక స్టాక్ నిండి ప్రోగ్రాం కూలిపోతుంది. అందువల్ల ఆ తొలి అభ్యర్థనలకు ఒక చిన్న స్టాటిక్ అర్రే నుంచి చోటు ఇచ్చి, ఫ్రీకి ఆ చిరునామాలు వచ్చినప్పుడు వాటిని గుర్తించి వదిలేయాలి. కేటాయింపుల లెక్కలు చూపడానికి ప్రింట్‌ఎఫ్ వాడినా ఇదే ప్రమాదం ఉంటుంది, ఎందుకంటే అది కూడా మ్యాలక్‌ను పిలవగలదు. నేరుగా రైట్ సిస్టం కాల్ వాడడమే క్షేమం.

స్టాటిక్‌గా లింక్ చేసిన ప్రోగ్రాములపై ఈ మార్గం పనిచేయదు. వాటిని తిరిగి లింక్ చేసే వీలుంటే, గ్నూ లింకర్‌కు ఉన్న వ్రాప్ ఆప్షన్‌తో మ్యాలక్ పిలుపులను కోరిన ఫంక్షన్‌కు మళ్లించవచ్చు. మ్యాలక్ పిలుపులను అడ్డగించడానికి ఒకప్పుడు ప్రచారంలో ఉన్న మ్యాలక్ హుక్‌లు, ఒకటికి మించిన థ్రెడ్‌లు నడిచే ప్రోగ్రాముల్లో సురక్షితం కానందున, 2021 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సి (గ్నూ సి లైబ్రరీ) 2.34 నుంచి తొలగిపోయాయి. పాత నోట్సులోని హుక్ ఉదాహరణలు ఇప్పుడు కంపైల్ లేదా లింక్ దశలోనే విఫలమవుతాయి.

పిలుపును అడ్డగించడం వల్ల మ్యాలక్ లోపలి తీరు కూడా తేటపడుతుంది. 64 బిట్ల జీలిబ్‌సిలో 24 బైట్లు అడిగితే లోపల 32 బైట్ల ముక్క కేటాయింపవుతుంది. ఒక్క బైటు పెంచి 25 అడిగితే అది 48 అవుతుంది. లక్షల చిన్న నోడ్‌లు వాడే ప్రోగ్రాముకు ఈ తేడా చాలా పెద్దది కనుకనే, ఒకే పరిమాణం గల ముక్కలను ముందే సిద్ధం చేసుకునే పూల్ అలొకేటర్లు అవసరమయ్యాయి. జేసన్ ఎవాన్స్ రూపొందించిన జెమాలక్ అనే అలొకేటర్‌ను కూడా ప్రీలోడ్ పద్ధతిలోనే డైనమిక్‌గా లింక్ చేసిన ఏ ప్రోగ్రాముకైనా జతచేసి పోల్చి చూడవచ్చు.

లైనక్స్, జీసీసీ ఉన్న ఏ ల్యాబ్‌లోనైనా మ్యాలక్ స్థానంలో సొంత ఫంక్షన్‌ను నిలపడం ఒక పూటలో చేయదగిన ప్రయోగం. సి బోధించే అధ్యాపకులు మ్యాలక్ పాఠం వెంటనే దీన్ని విద్యార్థుల చేత చేయించాలి.