ఫాల్గుణంలో ఖాళీ అయ్యే చెరువు

వలస పక్షులు వచ్చాయన్న వార్త ఏటా చలికాలంలో ఏదో ఒక పత్రికలో, రంగుల ఫొటోతో సహా కనబడుతుంది. అవి వెళ్ళిపోయాయన్న వార్త మాత్రం ఎక్కడా కనబడదు. అతిథి రాకకు ఎదురేగే మనం సాగనంపడానికి వీధి చివరి దాకా పోము కాబోలు. ఇది పత్రికల అలవాటు మాత్రమే అయితే ఇంత వ్రాయవలసిన పని లేదు. మన ప్రాంతపు నీటిపక్షుల చరిత్ర అంతా ఇలాగే సగం వ్రాసి వదిలేసినట్లు ఉంటుంది. ఆ వ్రాయని సగం మాఘం చివర మొదలై చైత్రం నాటికి ముగిసిపోతుంది. నేను దానిని చూసే చోటు తుర్కయంజాల్.

ఎల్.బి.నగర్ నుండి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకొని బి.ఎన్.రెడ్డి నగర్, గుర్రంగూడ, ఇంజాపూర్ దాటితే ఈ ఊరు వస్తుంది. ఇక్కడి పెద్ద చెరువు పేరు మాసాబ్ చెరువు. నగరం నడిబొడ్డున మాసాబ్ ట్యాంక్ అని మరొకటి ఉన్నది. ఉన్నది అంటే పేరు ఉన్నది. నీరుండిన చోట ఇప్పుడు చాచా నెహ్రూ పార్కు ఉంది. అక్కడ బస్సు దిగేవారిలో ఎందరికి అది ఒకప్పుడు చెరువని తోస్తుందో! గోల్కొండ రాజవంశపు స్త్రీలను గౌరవంగా మా సాహెబా అని పిలిచేవారు. ఆ మాటే జనం నోట మాసాబ్ అయింది. అలా పిలిపించుకున్నవారిలో హయాత్ బక్షీ బేగం ముఖ్యురాలు. ఆమె 1591లో హైదరాబాదుకు పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్ షాకు తల్లి. ఆమె పేరిట వెలసిన హయాత్‌నగర్ తుర్కయంజాల్‌కు పొరుగునే ఉంది. ఆ పొరుగును బట్టి చూస్తే మన మాసాబ్ చెరువు పేరు వెనుక కూడా ఆ రాణివాసపు నీడ ఉన్నదనే తోస్తుంది.

దక్కనులో చెరువును తవ్వించినవారెవరూ పక్షుల కోసం తవ్వించలేదు. వరి కోసం తవ్వించారు. కట్ట వైపు లోతు, ఎగువ వైపు మెరక. వానాకాలంలో నిండి మత్తడి దూకుతుంది. తరువాత తూము తెరిచి ఆయకట్టుకు వదులుతూ పోతే మాఘమాసం నాటికి నీరు కట్ట వైపుకు జరిగిపోయి, ఎగువన తడి నేల బయటపడుతుంది. దానినే తెలంగాణలో శిఖం అంటారు. మునిగి తేలిన ఆ బురదలో నత్తలు, పురుగులు, గడ్డి గింజలు, దుంపలు అన్నీ ఉంటాయి. వలస వచ్చే బాతులలో చాలా వాటికి మునిగి మేసే అలవాటు లేదు. తోక పైకెత్తి, మెడ ఎంత అందితే అంత లోతులోనే మేస్తాయి. కనుక నడి చెరువు వాటికి పడక గది వంటిది, భోజనశాల ఈ మెరక అంచే. ప్రయాణానికి ముందు ఒంట్లో కొవ్వు పెంచుకోవలసిన రోజులలోనే మన చెరువు వాటికి ఆ అంచును విప్పి పెడుతుంది. రైతు తన పంట కోసం చేసుకున్న ఏర్పాటు మధ్య ఆసియా నుండి వచ్చిన బాతుల వేళకు కూడా సరిపోయింది.

ఫిబ్రవరి చివర ఉదయం ఆరున్నరకు కట్ట మీద నిలబడితే మొదట కనబడేవి మన ఊరి కాపులే. నుదుట తెల్లని బిళ్ళతో బొల్లికోళ్ళు, మునిగి మరెక్కడో తేలే మునుగుడుకోళ్ళు, ముక్కు కొసన పసుపు చుక్క ఉన్న బాతులు. వాటి వెనుక కొంచెం బెదురుగా, మనిషికి దూరంగా ఉన్న గుంపు పరదేశులది. సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, గార్గనీలు. గార్గనీ మగపక్షిని చూడాలంటే ఇదే అదను. చలికాలమంతా అది ఆడదానిలాగే మట్టిరంగులో ఉంటుంది. తిరుగు ప్రయాణం దగ్గర పడ్డాక కంటి మీది నుండి మెడ దాకా తెల్లని కొడవలి గీసినట్లు కనుబొమ దిద్దుకుంటుంది. డిసెంబరులో చూసి ఇంతేనా అనుకున్నవారు మార్చిలో అదే పక్షిని గుర్తుపట్టలేరు.

గల్ పక్షులు ఇక్కడ కొద్ది మాత్రమే, అదీ ఏటా కాదు. తెలుగులో నలుగురికీ తెలిసిన పేరు దీనికి కుదరలేదు కనుక ఇంగ్లీషు మాటనే వాడుతున్నాను. సముద్రపు పక్షి ఇక్కడికెలా వచ్చిందని చూసినవారు ఆశ్చర్యపోతారు. నిజానికి మన దగ్గరకు వచ్చే గోధుమతల గల్ పుట్టింది సముద్రం ఒడ్డున కాదు, టిబెట్టు పీఠభూమి మీది సరస్సుల పక్కన. జనవరిలో దాని తల తెల్లగా, కంటి వెనుక ఒక నల్లని మచ్చతో ఉంటుంది. ఫిబ్రవరి గడిచేకొద్దీ ఆ మచ్చ పరుచుకొని మార్చికి తలంతా కాఫీరంగు ముసుగు అవుతుంది. దాని జ్ఞాతి నల్లతల గల్ ఒకటుంది. పేరుకు నల్లతల గాని వేసవి ముసుగు దానిదీ గోధుమరంగే! పేర్లు పెట్టిన దొరలు ఏ వెలుతురులో చూశారో తెలియదు. రెంటికీ తేడా కన్నులో, రెక్కలో చూడాలి. గోధుమతల దానికి కనుపాప లేత రంగు, రెక్కల నల్లని కొసలలో తెల్లని మచ్చలు. నల్లతల దానికి కన్ను ముదురు, రెక్క ముందరి అంచు తెలుపు. ముసుగు నిండిన గల్ కనబడిందంటే దాని ప్రయాణం దగ్గర పడిందన్న మాట.

ఈ వెళ్ళిపోవడాన్ని గమనించినవారు మన దేశంలో మొదట కవులే. హంసలు మానస సరోవరానికి పోతాయన్నది కాళిదాసుకు ముందే పాతబడిన మాట. మన భాషలో శ్రీనాథుని శృంగార నైషధంలోని హంస, పింగళి సూరన ప్రభావతీ ప్రద్యుమ్నంలోని శుచిముఖి రాయబారాలకే పేరు పడ్డాయి గాని వాటి పుట్టిల్లు కూడా ఆ వైపే. ఈ హంస ఏ పక్షి? యూరపు బొమ్మలలోని పొడుగుమెడ స్వాన్ కాదని, తల మీద రెండు నల్లని పట్టెలున్న బూడిదరంగు పెద్ద బాతు, అంటే బార్ హెడెడ్ గూస్ అని డచ్చి పండితుడు వోగెల్ భారతీయ సాహిత్య శిల్పాలలోని హంస మీద ఒక పుస్తకమే వ్రాశాడు. నాకు ఆ వాదమే సబబని తోస్తుంది. ఆ పక్షి మన మంజీరకు చలికాలంలో వస్తుంది, మానస సరోవరం దగ్గర పిల్లలను చేస్తుంది. కవి చెప్పిన చిరునామా ఉత్తది కాదు.

అయితే తేదీ దగ్గర పేచీ ఉంది. మేఘదూతంలో హంసలు ఆషాఢ మేఘం ఉరిమాక దానితో కలిసి కైలాసం వైపు బయలుదేరుతాయి. దక్కనులో విడిది చేసిన పట్టెతల హంసలు మార్చిలోనే సర్దుకుంటాయి. ఆషాఢం వచ్చేసరికి అవి అక్కడ పిల్లలతో ఈదుతూ ఉంటాయి. మొదట ఎవరో ఈ పోకను చూశారు. తరువాతివారు చూడకుండా ఆ మాటను అందుకున్నారు. వానరాత్రి విరహానికి అనువుగా ఉండటంతో ఫాల్గుణపు సంగతి ఆషాఢానికి జరిగింది. కవిసమయం అంటే ఇదే. కవిని తప్పు పట్టడం లేదు. చూసినది వ్రాసి పెట్టకపోతే మూడు నెలల తేడా కూడా ఎవరికీ పట్టదని మాత్రమే అంటున్నాను.

కవుల తరువాత తుపాకులవారు వచ్చారు. కాంగ్రెసు స్థాపకులలో ఒకడైన హ్యూమ్, మార్షల్‌తో కలిసి 1879–81 మధ్య వెలువరించిన మూడు సంపుటాల పుస్తకానికి పేరే వేట పక్షులు. ఏ చెరువు మీద ఏ బాతు ఎంత పడుతుంది, దాని మాంసం రుచి ఎలాంటిది అన్నవి ఆనాటి వ్రాతలలో శాస్త్రంతో పాటు నడుస్తాయి. వేటకు నిండు చలికాలమే అనువు కనుక ఎక్కువ కాగితం కూడా ఆ నెలలకే దక్కింది. వీరికంటే ముందు నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉండిన జెర్డాన్ నాకు ఎక్కువ ఆప్తుడు. పక్షుల తెలుగు పేర్లను శ్రద్ధగా అడిగి వ్రాసుకున్నాడు. చక్రవాకానికి ఆయన పుస్తకంలో ఉన్న తెలుగు పేరు బాపన చిలువ. కావ్యాలలో చక్రవాకమై రాత్రంతా విరహంతో ఏడ్చే పక్షి ఊరిలో బాపన చిలువ అయి పగటిపూట గట్టు మీద గడ్డి మేసింది. మనవాళ్ళకు రెండు పేర్లూ తెలుసు, రెండూ ఒకటేనని ఎందరికి తెలుసో చెప్పలేను. అన్నట్టు, అడవి పిట్టలలో ఒక జాతికి శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పిట్ట అన్న పేరు కూడా మన తెలుగు మాటే.

హైదరాబాదు రాజ్యపు పక్షుల లెక్క శాస్త్రీయంగా మొదలైనది 1931లో. చేతిలో ఉద్యోగం లేని సాలిం అలీ, ఖర్చులు ఇస్తే చాలు జీతం అక్కరలేదని చెప్పి సంస్థానాల పక్షుల సర్వేకు పూనుకున్నాడు. అందులో మొదటిది నిజాం రాజ్యం. 1931–32లో గుడారాలు వేసుకొని తిరిగి చేసిన ఆ పని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1933 నుండి భాగాలుగా అచ్చయింది. ఈనాటికీ తెలంగాణ పక్షుల గురించి వ్రాసేవారెవరైనా అక్కడి నుండి మొదలు పెట్టవలసిందే. కాని అది పక్షిని కొట్టి, చర్మం వలిచి, చీటీ కట్టి మ్యూజియానికి పంపే కాలపు సర్వే. ఏ జాతి ఎక్కడ ఉన్నదో తేల్చడం దాని పని. ఏ చెరువు ఏ వారంలో ఖాళీ అయిందో తేల్చడం కాదు. అదే సాలిం అలీ 1945లో కైలాస మానస సరోవర యాత్ర చేశాడు, పక్షుల కోసం. మన చెరువులను విడిచిన పట్టెతల హంసల వేసవి ఇల్లు అది. గోధుమతల గల్ కూడా ఆ చుట్టుపక్కలే గూడు కడుతుంది. కవులు హంసను తలకెత్తుకొని దాని తోడి ప్రయాణికుని విడిచిపెట్టారు. గల్ అరుపు మరీ కర్కశం కనుక వారిని అనలేము.

కాలికి ఉంగరం తొడిగి వదిలే పద్ధతి డెన్మార్కులో మార్టెన్సెన్ 1899లో మొదలు పెట్టాడు. మన దేశంలో అది పెద్ద ఎత్తున 1959లో, బొంబాయి సొసైటీ చేతుల మీదుగా వచ్చింది. ఉపగ్రహాలు వచ్చాక హంస ప్రయాణం కాగితం మీదికి ఎక్కింది. 2011లో వెలువడిన పరిశోధన ప్రకారం పట్టెతల హంసలు హిమాలయాన్ని ఏడెనిమిది గంటలలో ఎక్కేస్తాయి. పగటిపూట కొండ పైకి వీచే గాలి సాయం తీసుకుంటాయని అంతా అనుకునేవారు. అవి ఆ గాలి లేని రాత్రివేళ, తెల్లవారుజామున, కేవలం రెక్కల బలంతో ఎక్కుతాయని తేలింది. గాలి చల్లగా, చిక్కగా, నిలకడగా ఉండే వేళ అదే.

ఇంత తెలిసిన తరువాత కూడా తుర్కయంజాల్ వంటి చెరువు దగ్గర మార్చి నెల కాగితం దాదాపు తెల్లగానే ఉంది. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుండి జరుగుతోంది, జనవరిలో. పక్షులు ఒకచోట కుదురుకొని ఉండే నెల కనుక అది సరైన ఎంపికే. హైదరాబాదులో 1980లో పుట్టిన పక్షి ప్రేమికుల సంఘం, నేడు డెక్కన్ బర్డర్స్, ఎన్నో ఏళ్ళు ఓపికగా లెక్కలు వ్రాసింది. వారి పత్రిక పేరు కూడా పిట్టయే. అయినా ఆదివారాల విహారాలకు చలికాలంలో ఉన్న కళ ఎండ ముదిరాక ఉండదు. పరీక్షల కాలం, ఆర్థిక సంవత్సరపు ముగింపు, ఉగాది పనులు. పక్షులు అటు, మనం ఇటు.

దీనివల్ల నష్టమేమిటంటే, ఆ శిఖం. మార్చిలో బాతు మేసే అంచే మార్చిలో ఎండినట్లు కనబడే అంచు. కొనేవాడికి నేల చూపించవలసిన నెల కూడా అదే. సాగర్ రోడ్డు పొడవునా రాళ్ళు పాతి, సున్నం గీతలు గీసి ప్లాట్లు అమ్మిన కాలం మనమంతా చూశాము. ఇక్కడ నీరెక్కడిదండీ అని అడిగేవాడికి జనవరి గణన జవాబు చెప్పదు. జనవరిలో పక్షులు నడి చెరువులో ఉంటాయి. మార్చి రెండవ వారంలో ఈ మెరక మీద, ఈ తుమ్మచెట్టు ముందు ఇన్ని గార్గనీలు మేశాయన్న నాలుగు పంక్తులు జవాబు చెబుతాయి. పూర్తి నీటిమట్టపు హద్దుల గురించి, 2024లో హైడ్రా వచ్చిన తరువాత మరీ ఎక్కువగా, మాటలు నడుస్తున్నాయి. హద్దురాయి నీటికి పాతుతారు. నీరు వెనక్కి పోయాక ఆ నేల ఏమి చేస్తుందో రాయి చెప్పదు.

కబ్జా ఒక్కటే కాదు, ప్రేమ కూడా ఈ అంచును తినేస్తుంది. చెరువును బాగుచేయడమంటే చుట్టూ రాతికట్టు, నడకదారి, రాత్రి దీపాలు అని స్థిరపడింది. రాతికట్టు వేశాక మెరక ఉండదు, ఒడ్డు దాటగానే లోతే. ఉల్లంకి పిట్ట కాలు మోపడానికి చోటుండదు. మురుగు చేరిన చెరువు మరో విధంగా పోతుంది. అది ఏడాదంతా ఒకే మట్టంలో నిండుగా ఉంటుంది, చూసేవారికి ముచ్చటగానే ఉంటుంది. కాని నీరు వెనక్కి జరగదు, బురద బయటపడదు, గుర్రపుడెక్క కమ్ముకుంటుంది. నిండిన చెరువు ఆరోగ్యమైన చెరువని మన పెద్దలు అనుకున్నది ఆశ్వయుజంలో. మాఘంలో కూడా అలాగే నిండి ఉంటే వారే అనుమానించేవారు.

దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం వైపు ఉండేవారికి ఇది గంటలోపు ప్రయాణం. ఫిబ్రవరి నాలుగవ వారం నుండి ఏప్రిల్ మొదటి వారం దాకా, వారానికి ఒక ఉదయం చాలు. బైనాక్యులర్సు ఉంటే మంచిది. ఫొటోల పెద్ద కెమెరా అక్కరలేదు. సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలబడి, నీటి అంచు ఏ చెట్టు దాకా ఉన్నదో ముందు వ్రాసుకొని, తరువాత పక్షులను లెక్కపెట్టాలి. ఒక్కటీ లేకపోతే సున్న అని వ్రాయాలి. ఈబర్డ్‌లో ఎక్కించినా సరే, స్కూలు నోటుపుస్తకమైనా సరే. సూదితోకలు ముందు పోతాయి. గార్గనీలు ఏప్రిల్ దాకా తాత్సారం చేస్తాయి. పది ఉంటాయి, మరుసటి వారం నాలుగు, ఆ తరువాత బొల్లికోళ్ళు మాత్రమే.