మనిషి చొరరాని కొలిమి

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ నగరానికి దక్షిణంగా కల్హమ్ అనే గ్రామం ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ నౌకాదళంవారి విమానాశ్రయం ఉండేది. తరువాత అదే స్థలంలో వెలసిన పరిశోధనాలయంలో 1983 జూన్ 25న ఒక యంత్రం తొలిసారి వెలిగినది. 2023 డిసెంబరు 18న కడసారి వెలిగి ఆరినది. దాని పేరు జాయింట్ యూరోపియన్ టోరస్. పొడి అక్షరాలతో జెట్ అంటారు. ఈ నలభై ఏండ్లలో అది వెలిగిన ప్రతి పర్యాయానికీ ఒక సంఖ్య వేసినారు. చివరి సంఖ్య 1,05,842.

ఒక్కొక్క పర్యాయాన్ని అక్కడివారు పల్సు అంటారు. పల్సు జీవితం కొన్ని సెకండ్లు మాత్రమే. ఒకదానికీ మరొకదానికీ నడుమ ఇంచుమించు అరగంట ఎడం ఉండేది. ఏడాదికి కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాది దాటి కూడ, యంత్రం ఆగి ఉండేది. పత్రికలు సెకండ్లను గురించి వ్రాసినవి. ఆగిన ఆ నెలలలో ఏమి జరిగినదో చెప్పకపోతే జెట్ చరిత్ర సగమే చెప్పినట్లని మా అభిప్రాయం.

సూర్యునిలో హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానితో ఒకటి సంయోగం చెంది హీలియం అవుతున్నవి. ఆ సంయోగంలో వెలువడే శక్తియే మనకు ఎండ. దానిని భూమిమీద సాధించగలమనే ఆశ చాల పాతది. 1955లో జెనీవాలో అణుశక్తి మహాసభకు అధ్యక్షత వహించిన మన హోమీ భాభా, ఇరవై ఏండ్లలో ఇది సాధ్యం కాగలదని ప్రకటించినాడు. ఆ గడువు దాటి ఎన్నో దశాబ్దాలైనది. భాభా తెలియక చెప్పినాడని మేము అనము. కేంద్రకాలను కలిపే సూత్రం ఆనాటికే తెలుసు. ఆ సూత్రాన్ని ఇముడ్చుకొని, నిత్యం పనిచేస్తూ, చెడితే బాగుచేయ వీలైన పాత్ర ఎటువంటిదో ఆనాటికి ఎవరికీ తెలియదు.

జెట్‌ను ఎక్కడ కట్టాలన్నది కూడ సులభంగా తేలలేదు. యూరపు దేశాలు రెండేండ్లకు పైగా వాదించుకున్నవి. చివరికి పోటీ బ్రిటనులోని కల్హమ్‌కూ, జర్మనీలోని గార్షింగ్‌కూ మిగిలినది. 1977 అక్టోబరులో దుండగులు ఎత్తుకుపోయిన జర్మను విమానాన్ని మొగదిషులో విడిపించినప్పుడు బ్రిటిషువారు చేయూతనిచ్చినారు. కొద్దిరోజులకే కల్హమ్‌కు అనుకూలంగా నిర్ణయం వెలువడినది. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదని యంత్రం కట్టినవారు ముచ్చటగా చెప్పుకొనేవారు.

యంత్రం ఆకారం గారె వంటిది. నడుమ రంధ్రం గల బోలు లోహపు పాత్ర. లోపలి గాలిని తోడివేసి, గ్రాముకంటె ఎంతో తక్కువ వాయువును వదలి, విద్యుత్తుతో పదికోట్ల డిగ్రీలకు మించి వేడిచేస్తే అది ప్లాస్మా అవుతుంది. దానిని గోడలకు తగులకుండ అయస్కాంతాలు పట్టి ఉంచాలి. ఇందుకు కావలసిన విద్యుత్తును ఒక్కసారిగా లాగితే దేశపు విద్యుత్ వ్యవస్థ తట్టుకోలేదు. అందుచేత 775 టన్నుల బరువుగల చక్రాలు రెండింటిని కొన్ని నిమిషాలపాటు మెల్లగా తిప్పి వేగమెక్కించి, పల్సు వేళకు ఆ వేగాన్ని విద్యుత్తుగా మార్చుకొనేవారు. వేడిచేసే సాధనాలలో ఒకటి రేడియో తరంగాలు. వాటి కంపనసంఖ్య 25 నుండి 55 మెగాహెర్ట్జులు, అనగా మా షార్ట్‌వేవ్ ప్రసారాలకు ఇరుగుపొరుగు. కనుక ఆ కొలిమితో మా వృత్తికి కొంత చుట్టరికం ఉన్నదని చెప్పుకోవచ్చును.

ప్లాస్మా అణగి ఉండేది కాదు. తొలి సంవత్సరాలలోనే ఒక పర్యాయం అది పట్టుతప్పి నిలువుగా జారిపోగా, పుట్టిన బలానికి వందటన్నులకు పైబడిన పాత్రయే కదలినది. దాని ఆధారాలను బిగించి బలపరచవలసి వచ్చినది. గోడలకు అంటుకొన్న తేమ, ప్రాణవాయువు ప్లాస్మాలో కలిస్తే అది చల్లారిపోతుంది. అందుకని పాత్రను వందల డిగ్రీల వేడిలో కాచి ఆరబెట్టేవారు. 1989 నుండి లోపలి గోడకు బెరీలియం లోహాన్ని ఆవిరిరూపంలో పూత పూసినారు. బెరీలియం ధూళి ఊపిరితిత్తులకు విషం. నాటినుండి లోపలికి దిగే పనివారు బయటినుండి గాలి అందే మూసిన దుస్తులు తొడుగుకొని దిగవలసి వచ్చినది.

అంతకంటె పెద్ద అడ్డంకి ట్రీషియంతో వచ్చినది. హైడ్రోజన్ జాతిలో బరువైన డ్యుటీరియం, ట్రీషియం అనే రెండింటి కలయికే తక్కిన కలయికలకంటె సులభం. కాని ట్రీషియం రేడియోధార్మిక పదార్థం. పైగా ఆ కలయికలో పుట్టే న్యూట్రానులు పాత్ర లోహాన్ని కూడ రేడియోధార్మికం చేస్తవి. 1991 నవంబరు 9న కొద్దిపాటి ట్రీషియంతో 1.7 మెగావాట్ల శక్తి పుట్టినది. 1997లో 24 మెగావాట్ల వేడిమి పెట్టి 16 మెగావాట్లు రాబట్టినారు. అది చాలకాలం ప్రపంచ రికార్డు. ఆ విజయంతోనే యంత్రం తన పోషకులకు తలుపు మూసినది. లోపల మనుషులు గంటలకొద్దీ కూర్చుని పనిచేసే రోజులు ముగిసినవి.

దీనికి ముందే సిద్ధపడి ఉండడం ఆ నిర్మాతల దూరదృష్టి. పది మీటర్లకు పైగా పొడవుండి, పాములా వంగగల ఒక బాహువును పాత్ర ద్వారంగుండా లోనికి పంపేవారు. దాని కొసను రెండు యాంత్రిక హస్తాలు. ఇటలీలో రూపొందిన ఆ హస్తాల పేరు మాస్కాట్. దూరాన వేరొక గదిలో కూర్చున్న మనిషి అటువంటి హస్తాల జతను పట్టుకొని ఆడిస్తే, లోపలి హస్తాలు అదేవిధంగా ఆడుతవి. విశేషమేమంటే, లోపల మర బిగిసినప్పుడు కలిగే ప్రతిఘటన ఇక్కడి చేతికి తెలుస్తుంది. చూపు కెమెరాలది, స్పర్శ మనిషిది. పూర్తి పరిమాణంలో కట్టిన నమూనాపాత్రలో ఎంతో సాధన చేసినగాని ఎవరినీ ఆ పనికి కూర్చుండనిచ్చేవారు కారు. చేయిజారిన చిన్న మరను ఆ హస్తంతోనే వెదకి తీయాలి గదా! 1998లో ప్లాస్మా మడ్డిని తోడే డైవర్టరు అనే అడుగుభాగాన్ని, మనిషి లోనికి అడుగుపెట్టకుండానే తీసి, క్రొత్తది అమర్చినారు. 1997 నాటి 16 మెగావాట్లకంటె ఈ మరమ్మతే పెద్ద విజయమని మాకు తోస్తున్నది. ఎన్ని మెగావాట్లు పుట్టినా, బాగుచేయరాని కొలిమి విద్యుత్కేంద్రం కాజాలదు.

ఆ మరమ్మతులలో మరొక సంగతి బయటపడినది. 1997 ప్రయోగాలలో పాత్రలోకి వదలిన ట్రీషియం మొత్తం 35 గ్రాములు. ఎంత శుభ్రపరచినా సుమారు 6 గ్రాములు లోపలనే చిక్కుకొని ఉన్నది. గోడలకు పరచిన బొగ్గుపలకలు అరిగి, ఆ పొడి చల్లని మూలలలో పెచ్చులుగా పేరుకొని, ట్రీషియాన్ని తనలో బంధించినది. ఇంధనాన్ని గోడయే మింగుతుంటే భావియంత్రాల గతి ఏమి? అందుచేత 2009 నుండి 2011 వరకు యంత్రాన్ని ఆపి, బొగ్గును తొలగించి, గోడకు బెరీలియం, అడుగున టంగ్‌స్టన్ అమర్చినారు. వేలాది భాగాలను మార్చినది చాలవరకు ఆ యాంత్రిక హస్తాలే. ఫ్రాన్సులో నిర్మాణమవుతున్న ఈటర్ అనే మహాయంత్రానికి ఆనాడు అనుకున్న లోహాలు ఇవే. ఈటర్‌ను చుట్టి ఉండే క్రయోస్టాటు భాగాలను మనదేశం గుజరాతులో తయారుచేసి పంపినది. జెట్‌లో క్రొత్త గోడతో చిక్కుకొనే ఇంధనం పదోవంతుకు లోపే అయినది. అయితే టంగ్‌స్టన్ రేణువులు ప్లాస్మాలో చేరి దానిని చల్లార్చడం మొదలైనది. దానిని అదుపు చేయడం నేర్చుకొనడానికి మళ్లీ ఏండ్లు పట్టినవి.

ఆ నేర్పుతోనే 2021 డిసెంబరులో అయిదు సెకండ్లలో 59 మెగాజౌళ్లు, 2023 అక్టోబరు 3న 69 మెగాజౌళ్లు రాబట్టినారు. మన ఇంటి మీటరు లెక్కలో ఈ రెండవది 19 యూనిట్లు మాత్రమే. అదీ వేడిమియే గాని విద్యుత్తు కాదు. పెట్టినదానికంటె వచ్చినది తక్కువే. కాని ఖర్చయిన ఇంధనం మిల్లీగ్రాములో అయిదవవంతు!

కడపటి దినాన ఒక వింతపని చేసినారు. నలభై ఏండ్లు గోడకు దెబ్బ తగులకుండ కాపాడినవారే, వేగంగా పరుగెత్తే ఎలక్ట్రానులను కావాలని గోడమీదికి మళ్లించినారు. గోడ ఎంతవరకు దెబ్బతినునో తెలుసుకొనే అవకాశం మళ్లీ రాదు. ఇప్పుడు యంత్రాన్ని విడదీస్తున్నారు. ఆ పని 2040 ప్రాంతం వరకు సాగుతుందని అంచనా. దెబ్బతిన్న గోడలోనుండి పలకలను పరీక్షకు ఊడదీస్తున్నవి కూడ యాంత్రిక హస్తాలే.