వేగానికి బాట వేసిన కోయంబత్తూరు కరివర్ధన్

మన గోదావరి జిల్లాలలో పందెం అనగానే ఎవరికైనా ముందు సంక్రాంతి గుర్తుకు వస్తుంది. కోడిపందెం, ఎడ్ల పందెం, గోదావరి పాయల్లో పడవ పందెం, ఇవీ మనకు తెలిసినవి. మోటారుకార్ల పందెం మన నేల మీద పుట్టిన ఆట కాదు. అయినా ఈ ప్రత్యేక సంచికకు ఆ విషయమే ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, మన దేశంలో ఈ ఆట నిలదొక్కుకోవడానికి ఎంతో పాటుపడిన ఒకాయన కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు సంతతి వారు. ఆ సంగతి ఇటువైపు తెలిసినవారు తక్కువ. రెండవది, రవాణా శాఖ కార్యాలయంలో గుమాస్తాగా ఏళ్ల తరబడి బళ్ల రిజిస్ట్రేషను కాగితాలు రాసిన వాడిని గనుక, ఇంజను కథ ఎక్కడ కనబడినా నా కన్ను దానంతటదే అక్కడ ఆగుతుంది.

ఆయన పేరు ఎస్. కరివర్ధన్. తెలిసినవారంతా ‘కరి’ అనేవారు. ఆయన గురించి చెప్పేముందు ఆ ఊరి గురించి నాలుగు మాటలు చెప్పాలి.

విజయనగర రాజుల కాలంలోనూ, 1529లో విశ్వనాథ నాయకుడు మధురలో పాలన చేపట్టిన తరువాతా అనేక తెలుగు కుటుంబాలు దక్షిణాదికి తరలి వెళ్లాయి. కోయంబత్తూరు పరిసరాల నల్లరేగడి నేలల్లో పత్తి సాగు చేసిన నాయుళ్లు ఆ సంతతి వారే. 1888లో స్టేన్స్ దొర పూనికతో అక్కడ నూలు మిల్లు వచ్చింది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు గారు లక్ష్మీ మిల్స్ స్థాపించారు. 1930లలో పైకారా జలవిద్యుత్తు అందిన తరువాత మిల్లు వెంట మిల్లు లేచింది. మిల్లు ఉన్నచోట యంత్రాలు చెడుతూ ఉంటాయి. వాటిని బాగుచేయడానికి ఫౌండ్రీ కావాలి, లేతు మిషను కావాలి, చేయి తిరిగిన పనివాడు కావాలి. అలా పత్తి ఊరు కాస్తా యంత్రాల ఊరయింది. మన డెల్టా రైతులు ఆ ఊరిని ఎరిగింది పంపుసెట్ల వల్లనే కదా!

ఆ ఊరిలోనే జి.డి. నాయుడు గారు ఉండేవారు. 1893లో పుట్టి 1974లో కన్నుమూశారు. పెద్ద చదువులేమీ లేకుండానే 1920లో పొల్లాచ్చి, పళని ఊళ్ల మధ్య ఒక బస్సును స్వయంగా నడుపుతూ వ్యాపారం మొదలుపెట్టి, పెద్ద బస్సు సంస్థను నిర్మించారు. 1937లో మన దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారు వెనుక ఉన్నదీ ఆయనే. ‘కావలసిన యంత్రం పైదేశం నుంచి రాకపోతే మనమే చేసుకుందాం’ అనే గుణం ఆ ఊరి గాలిలో ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కరివర్ధన్ 1954లో లక్ష్మీ మిల్స్ కుటుంబంలోనే పుట్టారు. కలిగిన ఇంటి బిడ్డ. హాయిగా మిల్లు వ్యవహారాలు చూసుకుంటూ గడిపేయవచ్చు. ఆయన మనసు మాత్రం ఇంజనుల మీద పడింది.

ఆ రోజుల్లో దక్షిణాదిన కార్ల పందేలకు పేరుపడ్డ చోటు షోళవరం. మన రాజమండ్రి మీదుగా పోయే మద్రాసు–కలకత్తా రోడ్డు మీద, మద్రాసు ఇక కాసేపట్లో వస్తుందనగా తగిలే ఊరు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిషు వారు అక్కడ విమానాల కోసం రన్‌వే వేశారు. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి, సిమెంటు నేల మిగిలింది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారు దాని మీదే పందేలు నడిపారు. వాటిని చూడటానికి వేలాది జనం వచ్చేవారు. కరివర్ధన్ కూడా అక్కడ బండి నడిపినవారే.

అయితే ఆటకు ఒక పెద్ద అడ్డంకి ఉండేది. విదేశీ పందెపు కారు తెప్పించాలంటే దిగుమతి సుంకాలు, అనుమతులు మోయలేని భారం. రాజకుటుంబాల వారికీ, పెద్ద వ్యాపారులకూ తప్ప ఇతరులకు అందేది కాదు. తక్కినవారు రోజూ ఊళ్లో తిరిగే ఫియెట్లనే ఇటు కోసి అటు అతికి పరుగెత్తించేవారు. ఒకరి బండికీ ఇంకొకరి బండికీ పొంతన ఉండదు. గెలిచినవాడు నేర్పు వల్ల గెలిచాడా, డబ్బు వల్ల గెలిచాడా అన్నది తేలదు.

మన బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ చిక్కు తేలికగా అర్థమవుతుంది. అక్కడ రెండు పళ్ల గిత్తలను ఆరు పళ్ల గిత్తలతో పోటీకి దింపరు. పళ్లను బట్టి విభాగాలు చేస్తారు. సాటివారితో సాటివారికే పోటీ. కార్లకు కూడా అటువంటి న్యాయం ఒకటి కావాలి, అదీ తక్కువ ఖర్చులో కావాలి.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మా కార్యాలయంలో ఆ బండి కాగితాలు మొదట వచ్చినప్పుడు ఇంజను సామర్థ్యం అన్న గడిలో 796 అని రాస్తూ, ఇంత చిన్న ఇంజను సంసారాన్ని లాగుతుందా అని మేము చెప్పుకునేవాళ్లం. మూడు సిలిండర్ల ఆ చిన్న ఇంజనులో కరివర్ధన్ ఇంకొకటి చూశారు. దేశంలోనే తయారవుతుంది. విడిభాగాలు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి. విప్పి బిగించగల మెకానిక్కులు తయారవుతున్నారు. ఆ ఇంజనుతో ఒక మనిషి మాత్రమే కూర్చునే, చక్రాలు బయటకు కనిపించే అసలైన పందెపు బండిని కోయంబత్తూరులోనే కట్టించారు. దాని పేరు ఫార్ములా మారుతి. 1980ల చివర నుంచి ఆ బళ్లతో పోటీలు సాగాయి. అందరికీ ఒకటే ఇంజను, దాదాపు ఒకటే బండి. ఇక తేడా అంతా నడిపే చేతిలోనే.

ఆయన ఇంకా ఇతర రకాల పందెపు బళ్లు కూడా కట్టారు గాని, నా ఉద్దేశంలో ఆయన చేసిన అసలు పని ఇదే. పందేలు జరిపించేవాడంటే టిక్కెట్లు అమ్మి జనాన్ని పోగుచేసేవాడని మనం అనుకుంటాం. అది పైకి కనిపించే పని. నిజానికి ముందు బాట కావాలి. మలుపుల దగ్గర బండి అదుపు తప్పితే ఆపడానికి పాత టైర్ల గుట్టలు పేర్చాలి. అంబులెన్సు, మంటలార్పే బండి సిద్ధంగా ఉంచాలి. పోలీసు అనుమతి, బీమా, నిబంధనల పుస్తకం ఉండాలి. ఇన్నీ చేశాక కూడా, పోటీ చేయడానికి ఓ పది పదిహేను మంది కుర్రవాళ్ల దగ్గర బళ్లు లేకపోతే ఆ రోజు పందెమే లేదు. కరివర్ధన్ పట్టుకున్నది ఆ చివరి సంగతిని. బండి ఖరీదు దిగితేనే ఆట బతుకుతుందని గ్రహించారు.

1990 ప్రాంతంలో షోళవరానికి బదులుగా మద్రాసు–బెంగుళూరు రోడ్డులో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కొత్త బాట వచ్చింది. అక్కడ ఫార్ములా మారుతి బండితో తొలి పందెంలోనే మొదటి ముగ్గురిలో నిలిచిన ఒక పిల్లవాడున్నాడు. అతడిదీ కోయంబత్తూరే, తెలుగు కుటుంబమే. పేరు నరైన్ కార్తికేయన్, పుట్టింది 1977 జనవరి 14న. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ గారు కార్ ర్యాలీలలో జాతీయ విజేత. నరైన్ 1992లో ఫ్రాన్సు వెళ్లి శిక్షణ పొంది, మళ్లీ వచ్చి 1993లో ఫార్ములా మారుతి నడిపాడు. అదే ఏడాది ఇంగ్లండులోనూ పోటీ చేశాడు.

ఇక్కడే విధి అడ్డుపడింది. 1995 ఆగస్టు 24న కరివర్ధన్ విమాన ప్రమాదంలో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 41 సంవత్సరాలు. మరుసటి ఏడు, అంటే 1996లో, నరైన్ ఫార్ములా ఆసియా పోటీలలో విజేత అయ్యాడు. ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడు అతడే. 2005 మార్చి 6న ఆస్ట్రేలియాలో ఫార్ములా వన్ పందెంలో దిగి, ఆ స్థాయికి చేరిన తొలి భారతీయుడయ్యాడు. అదే ఏడాది జూన్ 19న అమెరికాలో నాలుగో స్థానం పొంది 5 పాయింట్లు తెచ్చుకున్నాడు. టైర్ల సమస్య వల్ల ఆ రోజు 14 కార్లు విరమించుకోగా 6 కార్లే పరుగెత్తాయన్న మాటా దాచకూడదు. అయినా ఆ ఆరింటిలో ఒకదానిలో మన కుర్రవాడు ఉండటం చిన్న సంగతి కాదు. ఇవేవీ కరివర్ధన్ కళ్ల చూడలేదు. కాటన్ దొర 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సంగతి ఎరిగిన మనకు, నీరు పారించినవాడు ఒకడు, పంట కోసేవాడు మరొకడు అని వేరే చెప్పనక్కరలేదు.

అయితే పోయినవారితో పాటు పని ఆగిపోవడం మన దేశంలో తరచూ చూస్తాం. ఇక్కడ అలా జరగలేదు. ఎల్‌జీబీ అనే సంస్థ మోటారు సైకిళ్ల గొలుసులు తయారు చేస్తుంది. ఆ సంస్థకు చెందిన బి. విజయకుమార్ గారు కోయంబత్తూరు శివార్లలోని చెట్టిపాళయంలో ఒక పాత రన్‌వేను తీసుకుని 2.1 కిలోమీటర్ల పందెపు బాట కట్టించారు. 2003లో ప్రారంభమైన ఆ బాటకు ‘కరి మోటార్ స్పీడ్‌వే’ అని పేరు పెట్టారు. మారుతి 800 పోయి ఎస్టీమ్ ఇంజనుతో ఎల్‌జీబీ బళ్లు వచ్చాయి. సూత్రం మాత్రం కరివర్ధన్‌దే: దేశంలో దొరికే ఇంజను, అందరికీ సమానమైన బండి, కొత్త కుర్రవాడికి అందే ఖర్చు.

ఈ మాట ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, ఆ తరువాత మన దేశంలో ఎంతో భారీగా జరిగిన పందేల గతి చూడండి. ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో గొప్ప ఖర్చుతో బాట వేసి, 2011, 2012, 2013లలో ఫార్ములా వన్ పందేలు జరిపారు. మూడేళ్లే. పన్నుల పేచీలు తదితర కారణాలతో అది మళ్లీ రాలేదు. మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. ప్రపంచమంతా టీవీలలో చూసింది. 2024లో జరగవలసిన రెండవ పందెం ప్రభుత్వం మారిన తరువాత రద్దయింది. ఒక్కసారి వెలిగి ఆరిపోయిన తారాజువ్వలివి. ఆ వేడుకలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని వాటిలో నడిపినవారూ, బళ్లూ దాదాపు అంతా పైదేశాల నుంచి వచ్చినవే. అతిథులు వెళ్లిపోయాక వాకిట్లో పందిరి గుంజలు మిగిలినట్టయింది. చెట్టిపాళయంలోని ఆ చిన్న బాట మీద మాత్రం జాతీయ పోటీలు సాగుతూ వచ్చాయి.

మరొక సంగతి. ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు తమ చేతులతో బండి కట్టుకుని వచ్చి పోటీపడే ‘ఫార్ములా భారత్’ కూడా 2017 తరువాత ఆ స్పీడ్‌వేలోనే జరుగుతూ వచ్చింది. మన సంఘ సభ్యులలో మనుమలు ఇంజనీరింగు చదువుతున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. పిల్లవాడు కాలేజీ వర్క్‌షాపులో నూనె మరకల చొక్కాతో రాత్రి పొద్దుపోయేదాకా ఉంటున్నాడని కసిరేముందు, ఏం చేస్తున్నాడో ఒకసారి అడిగి చూడండి. పళనికో గురువాయూరుకో యాత్ర పెట్టుకుని కోయంబత్తూరులో దిగే మిత్రులు, వీలు చిక్కితే చెట్టిపాళయం వైపు కూడా వెళ్లి, ఆ ద్వారం మీద ఉన్న పేరు మన వాళ్లదేనని పక్కనున్న పిల్లలకు చెప్పవలసిందిగా మనవి.