షే స్టేడియంలో గురుశిష్యులు

1980 ఆగస్టు 9, శనివారం. న్యూయార్క్ క్వీన్స్‌లో, ఫ్లషింగ్ పక్కనే ఉన్న షే స్టేడియం. మామూలు రోజుల్లో మెట్స్ జట్టు బేస్‌బాల్ ఆడుకునే చోటు. అక్కడికి కాస్త దూరంలో, బౌన్ స్ట్రీట్‌లో మన వినాయకుడి గుడికి ప్రతిష్ఠ జరిగి అప్పటికి మూడేళ్ళు. ఆ రోజు స్టేడియానికి 36,295 మంది వచ్చారని లెక్క. కుస్తీ చూడటానికి! అదే కార్యక్రమంలో కుర్ర హల్క్ హోగన్, ఆండ్రే ద జెయింట్‌తో తలపడ్డాడు. అప్పటి ఛాంపియన్ బాబ్ బ్యాక్‌లండ్ కూడా బరిలోకి దిగాడు. అయినా జనం వచ్చింది వాళ్ళ కోసం కాదు. ఇనప పంజరంలో ఒక గురువు, అతని శిష్యుడు కొట్టుకుంటుంటే చూడటానికి.

మా తరంలో ఇండియాలో పెరిగిన మగపిల్లలకి కుస్తీ అంటే ట్రంప్ కార్డులు. ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు. నా కార్డుల కట్టలో ఈ ఇద్దరూ లేరు. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు పిట్స్‌బర్గ్‌లో ఉన్నప్పుడు, రిటైర్మెంటుకి దగ్గరపడిన ఒక ఇటాలియన్ సహోద్యోగి చెబితే తెలిసింది. పిట్స్‌బర్గ్ అనగానే మనకి పెన్‌హిల్స్ కొండమీద వెంకన్న గుర్తొస్తాడు. ఆ ఊరి ఇటాలియన్లకి గుర్తొచ్చేది బ్రూనో సమ్మార్టీనో.

బ్రూనో 1935లో ఇటలీలోని అబ్రుజ్జో ప్రాంతంలో, పిట్సోఫెర్రాటో అనే కొండపల్లెలో పుట్టాడు. తండ్రి అప్పటికే పిట్స్‌బర్గ్ వచ్చి పని చేసుకుంటున్నాడు. ఇంతలో యుద్ధం. ఊరు జర్మన్ సైనికుల చేతిలో పడితే తల్లి ఎమీలియా పిల్లల్ని తీసుకుని కొండ మీదికి పారిపోయి, అక్కడే తలదాచుకుంది. తిండి అయిపోయినప్పుడల్లా సైనికుల కళ్ళుగప్పి కిందికి, తన ఊళ్ళోకే దొంగలా వెళ్ళి, దొరికింది మోసుకొచ్చేది. 1950లో కుటుంబం పిట్స్‌బర్గ్ చేరేసరికి బ్రూనో ఇంగ్లీషు రాని, జబ్బులతో చిక్కిపోయిన కుర్రాడు. బడిలో తన్నులు తిన్నాడు. బరువులెత్తడం మొదలుపెట్టాడు. 1959లో బెంచ్ ప్రెస్‌లో 565 పౌండ్లెత్తి ప్రపంచ రికార్డు స్థాపించాడు.

1963 మే 17న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బడ్డీ రోజర్స్‌ని 48 సెకన్లలో ఓడించి ఛాంపియన్ అయ్యాడు. రెండు విడతలూ కలిపితే అతని దగ్గర బెల్టు ఉన్నది 4,040 రోజులు. 1971లో ఐవాన్ కోలోఫ్ చేతిలో ఓడిన రాత్రి హాలంతా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, తన చెవులు పోయాయేమోనని అనుకున్నానని తరవాత చెప్పుకున్నాడు. టీవీలో మాట్లాడేటప్పుడు మధ్యలో ఇటాలియన్‌లోకి మారి తనవాళ్ళని పలకరించేవాడు. వలస వచ్చినవాళ్ళకి అది ఎంత పెద్ద విషయమో ఈ పత్రిక పాఠకులకి నేను వివరించక్కర్లేదు.

ఇక శిష్యుడు. అసలు పేరు లారీ విస్లర్. పిట్స్‌బర్గ్ ప్రాంతంలో పెరిగి, బ్రూనోని ఆరాధిస్తూ, చివరికి అతని దగ్గరే కుస్తీ నేర్చుకున్నాడు. 1973లో వృత్తిలోకి దిగి, లారీ జబిస్కో అని పేరు పెట్టుకున్నాడు. ఈ పేరుకి మనతో ఒక బంధుత్వం ఉంది. అసలు జబిస్కో, అంటే పోలెండు వస్తాదు స్టానిస్లాస్ జబిస్కో, 1910లో లండన్‌లో మన గామా పహిల్వాన్‌తో తలపడి, రెండు గంటలకి పైగా నేలకి కరుచుకుపోయి ఓటమి తప్పించుకున్నవాడు. వారం తరవాత మళ్ళీ తలపడాలంటే రాలేదు. 1928లో పటియాలాలో మాత్రం గామా అతన్ని నిమిషం లోపే పడగొట్టాడు. అలాంటి పేరు ఏరి కోరి పెట్టుకున్న కుర్రాడికి కూడా జనం పెట్టిన అసలు పేరు ఒకటే: "బ్రూనో శిష్యుడు." జోడీ పోటీల్లో బెల్టు గెలిచినా అదే పేరు.

1980 నాటికి బ్రూనోకి 44 ఏళ్ళు. ఎక్కువగా టీవీలో వ్యాఖ్యానం చెబుతున్నాడు. శిష్యుడు వచ్చి, నీ నీడలోంచి బయటపడాలంటే నీతోనే ఒకసారి తలపడాలి, లేకపోతే కుస్తీ మానేస్తానన్నాడు. గురువు వద్దు వద్దంటూనే ఒప్పుకున్నాడు. జనవరిలో పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌లో టీవీ కోసం ఆ పోటీ జరిగింది. బ్రూనో పట్టు వేసేవాడు, శిష్యుడు గిలగిల్లాడగానే వదిలేసేవాడు. మళ్ళీ పట్టు, మళ్ళీ వదలడం. చివరికి బరి బయట పడ్డ శిష్యుడు లోపలికి రావడానికి వీలుగా గురువు తాళ్ళు ఎత్తి పట్టుకున్నాడు. శిష్యుడు కడుపులో తన్నాడు. చెక్క కుర్చీ తెచ్చి తలమీద బాదాడు. రక్తపు మడుగులో గురువు.

ఇదంతా ముందే అనుకుని ఆడినదేనా? అవును. 1989లో ఆ కంపెనీవారే న్యూజెర్సీ శాసనసభ్యుల ముందు ఇది పోటీ కాదు, వినోదమని ఒప్పుకున్నారు. క్రీడల మీద ఉండే నిబంధనలు, పన్నులు తప్పించుకోవడానికి ఒప్పుకున్నారనుకోండి, అది వేరే సంగతి. నుదుటి మీద బ్లేడుతో గీసుకుని రక్తం రప్పించడం ఆ వృత్తిలో పాత పద్ధతే. కానీ చూసినవాళ్ళ కోపం నాటకం కాదు. జబిస్కోని జూడాస్ అన్నారు. అతనెక్కిన టాక్సీలని తిరగేశారు. ఆల్బనీలో ఎవరో కత్తితో పొడిచారు కూడా. మా సహోద్యోగి వాళ్ళ నాయనమ్మకి ఇంగ్లీషు ముక్క రాదు. ఆవిడ జబిస్కో తెరమీద కనబడగానే లేచి టీవీ కట్టేసేదట.

అంత కోపం ఒక్క కుర్చీదెబ్బతో రాదు. దాని వెనక పదిహేడేళ్ళ పెట్టుబడి ఉంది. మంచివాడుగా ఉండటమే పనిగా ఊరూరా తిరిగిన మనిషి సంపాదించిన నమ్మకం అది. దాన్ని ఒక్క సాయంత్రంలో ఖర్చుపెట్టారు.

నాకు మాత్రం ఆ కథలో శిష్యుడి వాదన తీసిపారెయ్యదగ్గదిగా అనిపించదు. ఆలెన్‌టౌన్ పోటీని మళ్ళీ మళ్ళీ చూశాను. గురువు పట్టు వదిలిన ప్రతిసారీ చప్పట్లు గురువుకే. శిష్యుడు కోరింది తన సమానుడిగా తలపడమని. గురువు ఇచ్చింది దయ. అది అవమానమని గురువుకి తోచలేదు, చూసేవాళ్ళకీ తోచలేదు. మన సంఘాల సమావేశాల్లో ముప్ఫై ఏళ్ళ డాక్టరుని కూడా "ఫలానావారి అబ్బాయి" అని పరిచయం చేస్తాం. ఆ అబ్బాయి నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు నేను చాలాసార్లు చూశాను. అలాగని కుర్చీ ఎత్తమని నేననడం లేదు. కానీ విలన్ నోట్లో సగం నిజం పెట్టినవాళ్ళకి కథ చెప్పడం తెలుసు.

జనవరి నుంచి ఆగస్టు దాకా ఊరూరా ఈ ఇద్దరినీ తలపడనిచ్చారు. చివరికి పంజరం ఎందుకంటే, మామూలు పోటీలో విలన్ దెబ్బలు ఎక్కువయితే బరి దిగి పారిపోతాడు. చుట్టూ కంచె ఉంటే ఆ వీలు లేదు. అందులో గెలవడమంటే ఎదుటివాడి వీపు నేలకి తాకించడం కాదు, ముందు బయటపడటం. షే స్టేడియంలో సుమారు 14 నిమిషాల పోరు తరవాత బ్రూనో తలుపు తీసుకుని బయటికి నడిచాడు. నీడలోంచి బయటపడతానన్నవాడు లోపలే ఉండిపోయాడు. కుస్తీగా చూస్తే అదేమంత గొప్ప పోటీ కాదు. ఆ రోజు టిక్కెట్ల మీద వచ్చింది అయిదు లక్షల డాలర్ల పైమాటే.

బ్రూనో మరుసటి ఏడాది పూర్తికాలపు కుస్తీ విరమించాడు. తరవాత స్టెరాయిడ్ల విషయంలో కంపెనీని బాహాటంగా తిట్టి, పాతికేళ్ళు దూరంగా ఉండి, 2013లో రాజీపడ్డాడు. 2018లో పోయాడు. జబిస్కో వేరే కంపెనీలకి వెళ్ళి అక్కడ ఛాంపియన్ అయ్యాడు. షే స్టేడియాన్ని 2009లో పూర్తిగా పడగొట్టారు. ఇప్పుడు అక్కడ సిటీ ఫీల్డ్ వాళ్ళ కార్లు ఆగుతాయి.

2015లో శాన్ హోజేలో జబిస్కోని ఆ కంపెనీ ప్రముఖుల జాబితాలో చేర్చారు. వేదిక మీద అతన్ని పరిచయం చేసి ఆహ్వానించినది 79 ఏళ్ళ బ్రూనో. అప్పటికి రిటైరయిన మా సహోద్యోగికి ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. కాసేపు ఊరుకుని, "బ్రూనో మంచివాడు, క్షమిస్తాడు. మా నాయనమ్మ ఉంటే టీవీ కట్టేసేది," అన్నాడు.