రైనియర్ కొండ మంచు బాట పట్టిన వైనం

1870 ఆగస్టులో స్లూయిస్కిన్ అనే యాకమా తెగ మనిషి ఇద్దరు తెల్లవాళ్లను రైనియర్ కొండ పాదం దాకా తీసుకొచ్చి, ఆ పైకి పోవద్దని బతిమాలాడు. శిఖరం మీద నిప్పుల సరస్సు ఉందనీ, అక్కడి భూతం ఎవర్నీ తిరిగి రానివ్వదనీ చెప్పాడు. హజార్డ్ స్టీవెన్స్, వాన్ ట్రంప్ వింటేనా! 17వ తేదీ సాయంత్రానికి పైకి చేరారు. దిగడానికి పొద్దు లేదు, గాలి కోసేస్తోంది. ఇక చావే అనుకుంటుంటే అగ్నిబిలం అంచున ఆవిరి చిమ్మే కన్నాలు కనిపించాయి. ఆ వేడికి కరిగి ఏర్పడిన మంచు గుహలో దూరి, ఒక పక్క ఉడుకుతూ, ఇంకో పక్క గడ్డకడుతూ తెల్లవార్లూ గడిపారు. స్లూయిస్కిన్ చెప్పిన నిప్పు అక్కడ నిజంగానే ఉంది. వాళ్ల ప్రాణం నిలిపింది కూడా అదే.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు ఈ 14,410 అడుగుల అగ్నిపర్వతానికి ఆ తర్వాత జనం వరస కట్టారు. 1890లో ఫే ఫుల్లర్ అనే బడి పంతులమ్మ శిఖరమెక్కిన తొలి మహిళ అయింది. 1899లో ఇది జాతీయ పార్కు అయింది. 1917లో 5,400 అడుగుల ఎత్తున, ప్యారడైజ్ దగ్గర బస వెలిసింది.

అసలు వేడుక చలికాలానిది. 1934లో సిల్వర్ స్కీస్ పందెం మొదలైంది. పది వేల అడుగుల ఎత్తున ఉన్న క్యాంప్ మ్యూర్ నుంచి అరవై మందికి పైగా ఒకేసారి కిందికి దూకారు. పందెమా అది, తొక్కిసలాట! రెండో ప్రపంచ యుద్ధానికి కొందరు సైనికులు మంచు శిక్షణ పొందిందీ ప్యారడైజ్‌లోనే. 1971-72లో అక్కడ 1,122 అంగుళాల మంచు కురిసింది.

ఇంత మంచు ఉన్నా శాశ్వత స్కీ లిఫ్టులకు పార్కు వాళ్లు ఒప్పుకోలేదు. దాంతో స్కీ ప్రియులు పార్కు సరిహద్దు బయట క్రిస్టల్ మౌంటెన్ స్కీ కేంద్రం కట్టుకుని 1962లో తెరిచారు. మంచి పనే జరిగింది. లిఫ్టు కావలసినవాళ్లు అటు పోతారు, ప్యారడైజ్ వాలు నడిచేవాళ్లకు మిగిలింది.

సియాటెల్ వైపు ఉండే మనవాళ్లు పిల్లలతో మంచు చూడ్డానికి బయల్దేరేముందు ఒకటి గుర్తుంచుకోండి: నవంబరు 1 నుంచి మే 1 దాకా పార్కులోకి వెళ్లే ప్రతి కారులో చక్రాల గొలుసులు ఉండి తీరాలి.