ఒకే తొట్టె, ఒకే నీరు

చేపల దుకాణంలో అన్ని చేపలూ ఇంచుమించు ఒకే కొలతలో ఉంటాయి. అంగుళమున్నర గప్పీ, అంగుళం నియాన్ టెట్రా, రెండంగుళాల ‘షార్క్’ పక్కపక్క తొట్టెల్లో ఈదుతుంటాయి. కొత్తగా అక్వేరియం పెట్టేవాళ్ళు అడిగేదీ ఒకటే మాట: ‘ఇవన్నీ కలిపి వేస్తే కొట్టుకోవు కదా?’ దుకాణదారు ‘ఏం కాదండీ, అన్నీ సాధువులే’ అంటాడు. అతను అబద్ధం చెప్పాడనుకోనక్కర్లేదు. చిక్కంతా ప్రశ్న మొదలైన చోట ఉంది. రకరకాల చేపల్ని ఒకే గాజుతొట్టెలో పెంచే ‘కమ్యూనిటీ ట్యాంక్’ పుట్టుపూర్వోత్తరాలు తిరగేస్తే, పొంతన ముందుగా చూడాల్సింది చేపకూ నీటికీ మధ్యనని తెలుస్తుంది. ఆ తర్వాత ఎదిగిన చేప కొలత చూడాలి. ఎవరు సాధువు, ఎవరు రౌడీ అన్న విచారణ మూడోది. ఈ వరస తలకిందులైనందువల్లే కొత్త తొట్టెల్లో చేపలు వారం తిరక్కుండా తేలిపోతుంటాయి.

చేపల్ని కుండల్లో, కొలనుల్లో పెంచడం పాత విద్యే. చైనాలో సోంగ్ రాజుల కాలానికే బంగారు చేపలు కొలనుల అలంకారం. కానీ తొట్టెలోని జీవులు ఒకదానికొకటి ఆసరాగా ఉండాలన్న ఆలోచనకు స్పష్టమైన రూపమిచ్చింది లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్. 1845లో బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తేయడంతో గాజు చవకైంది. గాజుపెట్టెలో మొక్కలు నెలల తరబడి బతుకుతాయని నథానియెల్ వార్డ్ అప్పటికే చూపించాడు. 1849లో వారింగ్టన్ 12 గ్యాలన్ల గాజుపాత్రలో ఇసుక, రాళ్ళు పరిచి, రెండు బంగారు చేపల్నీ, రిబ్బనులాంటి ఆకులుండే వాలిస్నేరియా మొక్కనూ ఉంచాడు. చేప వదిలే బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలే ఆమ్లజనిని చేప తీసుకుంటుంది. లెక్క సరిపోయిందనే అనుకోవాలి. సరిపోలేదు. రాలిన ఆకులు కుళ్ళి నీరు మసకబారింది, గాజుకు జిగురు పట్టింది. అప్పుడాయన కొన్ని చెరువు నత్తల్ని వదిలాడు. అవి కుళ్ళినదాన్ని తినేశాయి, వాటి గుడ్లు చేపలకు మేతయ్యాయి. నీరు తేటపడింది. 1850లో ఈ ప్రయోగాన్ని లండన్ కెమికల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. మొదటి జాబితా ఇలా మూడు పేర్లతో తయారైంది: చేప, మొక్క, నత్త. ఆ రెండు చేపలకు పడకపోవడం అనే సమస్య అందులో ఎక్కడా లేదు. వచ్చిన సమస్యల్లా నీటిలో పేరుకునే మలినానిది.

వారింగ్టన్ గమనించింది నిజమే, దానికి చెప్పుకున్న కారణమే సగం. మొక్కలూ చేపలూ తూకంలో ఉంటే చాలన్న ఈ ‘సమతూక’ సిద్ధాంతం వందేళ్ళపాటు అక్వేరియం పుస్తకాలను ఏలింది. తొట్టెలోకి ఆమ్లజని ప్రధానంగా నీటి పైతలం నుంచే దిగుతుందని, రాత్రివేళ మొక్కలు కూడా దాన్ని వాడుకుంటాయని 20వ శతాబ్దం మధ్యకల్లా తేలిపోయింది. మలినం సంగతి మరోచోట తేలింది. నేలలో అమోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాను రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వేరుచేశాడు. అటువంటి సూక్ష్మజీవులే తొట్టెలో గులకరాళ్ళ మీద, ఫిల్టర్ స్పాంజిలో కాపురముంటాయి. చేప మొప్పల నుంచి వచ్చే అమోనియా విషం; దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత చాలా తక్కువ హాని చేసే నైట్రేట్‌గా మార్చేది అవే. కొత్త తొట్టెలో ఆ కాపురం నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొలి రోజే డజను చేపలు వేస్తే, అవి ఎంత స్నేహంగా ఉండేవైనా, ఒకదాని విసర్జన మరొకదానికి విషమవుతుంది. దీనికి తోడు నీటి గుణం. పీహెచ్ 7 ఉన్న 25 డిగ్రీల నీటిలో అమోనియా మొత్తంలో అసలు విషరూపంలో ఉండేది అర శాతం పైచిలుకు. అదే పీహెచ్ 8కి వెళితే 5 శాతం దాటుతుంది. అంటే అదే మురికి, క్షార గుణమున్న నీటిలో సుమారు పదింతలు ప్రమాదం.

వారింగ్టన్ తరానికి జాతుల పొంతన గురించి బుర్ర బద్దలుకొట్టుకోవాల్సిన అవసరం పెద్దగా రాలేదు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల గది తెరిచారు, 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకంతో ‘అక్వేరియం’ అన్న మాట ఇంటింటికీ చేరింది, 1856లో జర్మనీలో రోస్‌మాస్లర్ ‘గాజులో సరస్సు’ అంటూ మంచినీటి తొట్టెను పరిచయం చేశాడు. వీళ్ళ మంచినీటి తొట్టెల్లోకి వచ్చినవి చాలావరకు ఊరి చెరువులోవే. ఒకే నీటిలో, ఒకే చలిలో పుట్టినవి కాబట్టి సగం పొంతన ప్రకృతే కుదిర్చి పెట్టింది. దూరదేశపు చేపలు రావడంతో ఆ సౌలభ్యం పోయింది. 1869లో చైనా నుంచి ఫ్రాన్సుకు ప్యారడైజ్ చేప వచ్చింది. పారిస్‌లో పియేర్ కార్బొనియే దానికి పిల్లలు చేయించాడు. నెలల ఓడ ప్రయాణంలో, మురిగిన నీటిలో అది ఎలా బతికింది? మన సంతలో కొర్రమీను గంపలో గంటల తరబడి ప్రాణంతో ఎందుకుంటుందో తెలిసినవాళ్ళకు జవాబు తెలిసినట్టే. రెండూ నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు. ప్యారడైజ్ చేపకూ, సయామీ ఫైటర్‌కూ తలలో ‘లాబిరింత్’ అనే మడతల అవయవం అందుకోసమే ఉంది. కాబట్టి విదేశీ చేపల్లో తొలి విడతను ఎంపిక చేసింది ఓడ ప్రయాణమే. అలా గట్టెక్కిన వాటిలో మగవి ఒకదాన్నొకటి చీల్చుకునే రకం. ‘ఏది దేనితో పడదు’ అన్న విచారణకు బీజం ఇక్కడ పడిందనుకోవచ్చు.

తర్వాతి మలుపు వేడిది. 1888లో బెర్లిన్‌లో ‘ట్రైటన్’ అక్వేరియం సంఘం ఏర్పడేనాటికి జర్మన్ అభిరుచిపరులు పలక అడుగున్న ఇనుప ఫ్రేము తొట్టెల కింద దీపం పెట్టి నీటిని వెచ్చబెట్టడం నేర్చుకుంటున్నారు. ఇంట్లో ఒక్క తొట్టెను వెచ్చగా ఉంచడమే ఖర్చు, శ్రమ. వెచ్చని నీరు కావాల్సిన చేపలన్నిటినీ ఆ ఒక్కదాంట్లోనే వేయాలనిపించడం సహజం. 1908 ప్రాంతంలో గప్పీలు జర్మనీ చేరాయి. 1930ల్లో ఎగువ అమెజాన్ నుంచి నియాన్ టెట్రా వచ్చింది. 1936లో చేపల శాస్త్రవేత్త జార్జ్ మయర్స్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆమ్లజని నింపిన పాలిథీన్ సంచీ, విమాన రవాణా తోడయ్యాయి. పాలక్యాన్లలో ఓడెక్కి వారాలు గడపాల్సిన చేప, రెండు రోజుల్లో ఖండం దాటసాగింది. మెకాంగ్ చేప, అమెజాన్ చేప, ఆఫ్రికా సరస్సుల చేప ఒకే దుకాణంలో ఒకే ధరకు దొరికేది అప్పటినుంచే. సంచీ దూరాన్ని చెరిపేసింది గానీ ఆ నీళ్ళ మధ్య తేడాను చెరపలేదు. ఈ రోజు మనం పొంతన పట్టికలు వెతుక్కోవడానికి మూలం అదే.

అలాగైతే ఒకే నది చేపల్ని కలిపి వేస్తే సరి కదా అని ఒక వాదన ఉంది. వినడానికి బాగుంటుంది, సగమే నిలబడుతుంది. ఏంజెల్ చేపా, నియాన్ టెట్రా రెండూ అమెజాన్ పరీవాహకానివే. ఇద్దరికీ మెత్తని, కాస్త ఆమ్ల గుణమున్న నీరే ఇష్టం. అయినా చేతివెడల్పుకు ఎదిగిన ఏంజెల్‌కు నియాన్ ఒక ముద్ద. నదిలో చిన్న చేప పారిపోవడానికి వేర్లున్నాయి, చీకటుంది, మైళ్ళ కొద్దీ దారి ఉంది. రెండడుగుల తొట్టెలో నాలుగు గాజుగోడలున్నాయి. నోట్లో పట్టేదేదైనా మేతే అన్నది చేపల లోకంలో కోపతాపాలతో సంబంధం లేని నియమం. మత్స్యన్యాయం అన్న మాట మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు. అందుకే దుకాణంలో కనిపించే కొలతను కాక, ఎదిగాక వచ్చే కొలతను లెక్కలోకి తీసుకోవాలి. ‘షార్క్’ పేరుతో అమ్మే రెండంగుళాల వెండిరంగు పిల్ల నిజానికి పంగాసియస్. ఆంధ్ర చెరువుల్లో దాణా వేసి కిలోల లెక్కన పెంచి అమ్మేదీ అదే. మెకాంగ్‌లో అది మీటరు దాటి పెరుగుతుంది. దాని స్వభావం సాధువే, ఆ మాట నిజమే. ఆ సాధుత్వం రెండడుగుల తొట్టెలో దానికీ, దాని పక్కవాటికీ ఏ విధంగానూ అక్కరకు రాదు.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. ఇప్పుడు అమ్మే నియాన్లలో ఎక్కువ భాగం అమెజాన్ ముఖం చూసినవి కావు. ఆసియా ఫారాల్లో తరతరాలుగా పుట్టి పెరిగినవి, స్థానిక నీటికి అలవాటు పడ్డవి. మరి పూర్వీకుల నది గొడవ ఎందుకు? ఇందులో సత్యముంది. ఫారంలో పెరిగిన చేపకు ఓర్పు ఎక్కువ, పీహెచ్ అటూ ఇటూ కొంత మారినా తట్టుకుంటుంది. అయినా కఠిన జలంలో నియాన్ గుడ్లు సరిగా పొదగవు. సున్నపు లవణాలు లేని మెత్తని నీటిలో మోలీ ఒళ్ళు ఊపుకుంటూ క్షీణిస్తుంది. ఫారం మార్చలేని సంగతులు మరికొన్ని ఉన్నాయి: ఎంత వేడి కావాలి, ఎంత పొడవు ఎదుగుతుంది, ఎందరు తోడుండాలి. ఓర్చుకోవడం వేరు, కులాసాగా ఉండటం వేరు. గుండ్రని గాజుబుడ్డిలో బంగారు చేప ఏళ్ళ తరబడి బతికిందని చెప్పేవాళ్ళూ ఉంటారు. బంగారు చేప ఆమ్లజని దాదాపు లేని నీటిలో సైతం శరీరంలో ఆల్కహాలు తయారుచేసుకుని కొంతకాలం నెట్టుకురాగల మొండిది. అది బతికిందన్న సంగతి దాని మొండితనానికి సాక్ష్యమే తప్ప బుడ్డి బాగుందనడానికి కాదు.

చేపలు వేర్వేరు లోతుల్లో మేసేవైతే మరిన్ని వేయవచ్చన్నది మరో వాదన. ఇలా పొరలుగా పంచుకోవడం అన్న సూత్రం తెలుగు రైతుకు కొత్త కాదు. కొల్లేరు చుట్టుపక్కల మిశ్రమ పెంపకంలో బొచ్చె పైనీటిలో మేస్తుంది, శీలావతి నడిమి నీటిలో, మృగాల అడుగున. ఒకే చెరువు, మూడు వంటశాలలు. చిన్న తొట్టెలోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది: పైన డానియో, మధ్యలో రాస్‌బోరా, అడుగున కోరీ. కానీ చెరువు రైతు మేతను పొరలుగా పంచినా నీటిని పంచలేడు. ఆమ్లజని తగ్గితే తెల్లవారుజామున మూడు రకాలూ కలిసే పైకి తేలతాయి. తొట్టెలో పొరల సూత్రాన్ని నమ్మి సంఖ్య పెంచేవాళ్ళు మరిచిపోయేది ఇదే. ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం. 25 డిగ్రీల వద్ద లీటరు నీరు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆమ్లజనిని పట్టి ఉంచగలదు, 35 డిగ్రీలకు అది 7 మిల్లీగ్రాములకు పడిపోతుంది. సరిగ్గా అప్పుడే చేప ఒంట్లో అవసరం పెరుగుతుంది.

ఇక స్వభావం. దాన్ని చివర పెట్టినంత మాత్రాన చిన్నచూపు చూసినట్టు కాదు. అయితే స్వభావం అనుకునే దాంట్లో చాలా భాగం సందర్భమే. ఫైటర్ మగచేప గప్పీ తోకను కొరకడం వెనక ఒక పొరపాటు ఉంది: రంగురంగుల వెడల్పు తోక కనిపిస్తే దానికి ఎదురుగా మరో ఫైటర్ నిలబడినట్టే. ఆడ ప్లాటీ జోలికి అంతగా పోకపోవచ్చు. టైగర్ బార్బ్‌లు మూడు ఉంటే పక్క చేపల రెక్కలు కొరుకుతాయి. పది ఉంటే తమలో తామే తరుముకుంటూ కాలక్షేపం చేస్తాయి. నియాన్లు రెండే ఉంటే మూల నక్కుతాయి, ఎనిమిది ఉంటే నడిమికి వస్తాయి. కాబట్టి ‘జాతికి రెండేసి’ అని జతలు కొనే మన అలవాటు దాదాపు ప్రతి గుంపు చేపకూ కీడే.

నీరు, కొలత, స్వభావం అన్న ఈ వరసను అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న రెండడుగుల తొట్టెకు వర్తింపజేద్దాం. లెక్క ప్రకారం 56 లీటర్లు; గులకరాళ్ళు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45 మిగులుతాయి. ఇంట్లో సబ్బుకు నురగ రాని బోరునీళ్ళుంటే మగ గప్పీలు, నాలుగైదు ప్లాటీలు హాయిగా ఉంటాయి. మెత్తని నీరైతే ఎనిమిది హార్లెక్విన్ రాస్‌బోరాలు, ఆరు చిన్న కోరీలు. హీటరూ వద్దు, హంగామా వద్దనుకుంటే 1822లో ప్రకృతి శాస్త్రవేత్త హామిల్టన్ గంగాతీర చేపల గ్రంథంలో నమోదుచేసిన మన జీబ్రా డానియో ఉండనే ఉంది. మన చలీ మన ఎండా దానికి అలవాటే. మున్సిపల్ నీరైతే క్లోరిన్ విరుగుడు తప్పదు, లేకపోతే బ్యాక్టీరియా కాపురం కూలుతుంది. జాబితా ఇంతేనా అనిపించవచ్చు. వారింగ్టన్ జాబితా ఇంతకన్నా చిన్నది.

పొంతన కుదరని చేప ఎక్కడికి పోతుందన్నది చివరి ప్రశ్న. గాజుకు పట్టిన పాచి తింటుందని కొన్న వేలెడు ‘సక్కర్’ అడుగుంబావుకు పెరుగుతుంది; తొట్టె చాలక చెరువులోనో కాలువలోనో వదిలేస్తారు. దక్షిణ అమెరికాకు చెందిన ఆ చేపను ఈ రోజు కృష్ణా తీరంలో మత్స్యకారులు ‘దెయ్యం చేప’ అంటున్నారు. గట్టి పొలుసులు, ముళ్ళరెక్కలు వలలను చింపుతాయి, తినేవాళ్ళు లేరు, కొనేవాళ్ళు లేరు. అది ఎక్కడెక్కడ పాకిందో నీటిలోని డీఎన్‌ఏ ద్వారా పసిగట్టే పనిని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల జలాశయాల్లో చేపట్టాల్సి వచ్చింది. దుకాణంలో ‘ఇది ఎంత పొడవు ఎదుగుతుంది?’ అని ఎవరో అడగకుండా వదిలేసిన ప్రశ్నకు, చిరిగిన వల కుట్టుకుంటూ జవాబు చెప్పుకుంటున్నది ఏటి ఒడ్డున ఉన్నవాడు.